లంకలో ఇల్లు: మట్టి తోలి మెరక చేయాలా, స్తంభాల మీద లేపాలా?

ఏటి_అవతల
మాది పి.గన్నవరం మండలంలో ఒక లంక. నేను కువైట్‌లో ఆరేళ్ళు, మా ఆయన మస్కట్‌లో నాలుగేళ్ళు పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఇల్లు కట్టుకుందామని వచ్చేశాం. ఏటి వైపు 8 సెంట్ల కొబ్బరితోట ఉంది. పాత పెంకుటిల్లు అందులోనే ఉంది, దాని అరుగు రెండడుగుల ఎత్తు. 2022 జులై వరదకి ఇంట్లో మోకాలి పైకి నీళ్ళొచ్చాయి, అంటే నేల మీద నుంచి నాలుగడుగులు. 1986 వరదకి చూరు దాకా వచ్చాయట. మా అత్తయ్య బొగ్గుతో గీసిన గీత గోడ మీద ఇంకా ఉంది, టేపు పెట్టి చూస్తే ఏడున్నర అడుగులు.

గొడవ ఏంటంటే, మా ఆయన నాలుగడుగులు మట్టి తోలించి, దాని మీద మామూలు ఇల్లు కడదామంటారు. నేనేమో స్తంభాలు లేపి, కింద ఖాళీగా వదిలేసి, పైన కడదామంటాను. నెల రోజులుగా ఇదే రామాయణం. మేస్త్రి వచ్చి టీ తాగి, "ముందు మీరిద్దరూ తేల్చుకుని అప్పుడు కబురు పెట్టండి" అని వెళ్ళిపోయాడు. ఏటికి అడ్డంగా వేసిన మట్టి బాట ఉన్నన్నాళ్ళే ట్రాక్టర్లు వస్తాయి. జులైలో వరద తగిలితే బాట కొట్టుకుపోతుంది, ఆ తర్వాత అగ్గిపెట్టె కావాలన్నా పడవే. తెలిసినవాళ్ళు చెప్పండి.

కొబ్బరాకు
మేస్త్రి తెలివైనోడు. మొగుడూ పెళ్ళాల మధ్య సిమెంట్ పోసినోడు ఎవడూ బాగుపడలేదు.

సివిల్_సుబ్బు
లెక్క వేసి చూద్దాం. ఇల్లు 40×30 అనుకోండి. నాలుగడుగుల మట్టి దిబ్బ అంచులు నిటారుగా నిలబడవు. ఒకటికి రెండు చొప్పున వాలు ఇవ్వాలి, అంటే నాలుగు పక్కలా ఎనిమిదేసి అడుగులు. అడుగున 56×46 అవుతుంది. మొత్తం మట్టి సుమారు 7,400 ఘనపుటడుగులు. దిమ్మిస కొట్టాక కుంగేది కలిపితే 9,000 పైమాటే. ట్రాక్టర్ తొట్టికి 100 అడుగులు వేసుకున్నా 90 ట్రిప్పులు. అంత మట్టి లంకలో ఎక్కడ తవ్వుతారు? పక్క పొలంలో గుంట పెడితే వరదకి మొదట కోసుకుపోయేది ఆ గుంట దగ్గరే.

పైగా ఒక్కసారి పోసి చదును చేస్తే సరిపోదు. ఆరేసి అంగుళాల పొరలుగా పోస్తూ, తడుపుతూ, దిమ్మిస కొట్టాలి. అలా చేయకపోతే రెండు వర్షాకాలాలకి గచ్చు పగిలి, అత్తయ్య గారు గీసిన గీత కంటే పెద్ద గీతలు మీ గోడలకి వస్తాయి.

ఏటి_అవతల_ఆయన
మీరు చెప్పిన లెక్కకి కాదనను సుబ్బు గారూ. కానీ స్తంభాల ఖర్చు కూడా చెప్పండి మరి. ఐరన్, కంకర, సిమెంట్ అన్నీ ఏరు దాటి రావాలి. మట్టి అయితే ఇక్కడే దొరుకుతుంది. మా అమ్మకి డెబ్భై దాటాయి, మోకాళ్ళు నొప్పులు. రోజుకి పదిసార్లు మెట్లెక్కి దిగమంటారా?

ఏటి_అవతల
మీరు ఇక్కడ ఎప్పుడు చేరారు??

ఏటి_అవతల_ఆయన
నువ్వు ఫోన్ ఛార్జింగ్ పెట్టి గేదెకి కుడితి పెట్టడానికి వెళ్ళినప్పుడు.

కొబ్బరాకు
ఇక ఈ పూట నేను వేరే పని పెట్టుకోను.

ఎదురుమొండి_రాజు
మాది కృష్ణ ఏటి మొగ దగ్గర ఎదురుమొండి. మాకూ ఏటిమొగ రేవు నుంచి పంటు మీద రావాల్సిందే. నేను 2019లో కట్టాను కాబట్టి అసలు ఖర్చు ఎక్కడుందో చెప్తాను. సిమెంట్ బస్తా ధర ఎంతని కాదు, దాన్ని ఎన్నిసార్లు ఎత్తి దించారన్నదే లెక్క. లారీ మీంచి రేవులోకి, రేవు నుంచి పంటులోకి, పంటు నుంచి గట్టు మీదకి, అక్కడి నుంచి ట్రాక్టర్లోకి, మళ్ళీ మన గుమ్మంలోకి. ఎత్తిన ప్రతివాడికీ కూలి ఇవ్వాలి. ఇటుకైతే కూలితో పాటు నష్టం కూడా, ఒక్కో చేతిలో నాలుగు విరిగేవి.

అందుకని అన్నీ ఒకేసారి తెచ్చుకోవద్దు. ముఖ్యంగా సిమెంట్. చవకగా వస్తోందని నేను 200 బస్తాలు తెచ్చి పాకలో పెట్టాను. మూడు నెలలకి 30 బస్తాలు గడ్డకట్టి రాళ్ళయ్యాయి. వాటినే పేర్చి పెరట్లో అరుగు చేసుకున్నాం. చూసినవాళ్ళు డిజైన్ బాగుందంటారు.

ఎత్తు విషయంలో నేను అమ్మాయి గారి వైపే. మా దివిసీమలో 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన వచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. ఆ తర్వాత కట్టిన తుఫాను షెల్టర్లు చూడండి, స్తంభాల మీద నిలబెట్టినవే ఎక్కువ.

పాతపెంకు
రాజు గారూ, ఉప్పెన వేరు, ఏటి వరద వేరు. ఉప్పెన గోడలా వచ్చి కొట్టి పోతుంది. గోదారి వరద చెప్పే వస్తుంది. భద్రాచలం కబురు విని బియ్యం, గింజలు అటకెక్కించుకునేంత టైమ్ ఇస్తుంది. మా తాతలు దానికి తగ్గట్టే కట్టారు: ఎత్తరుగు, మందం గోడ, చేవ తేలిన తాటిదూలాలు, గట్టి అటక, పైన బంగాళా పెంకు. నీళ్ళొస్తే అటక మీద మూడు రోజులు. తీశాక మట్టి కడుక్కుని, సున్నం వేసుకుని మళ్ళీ కాపురం. ఇప్పుడు అందరికీ స్లాబు పిచ్చి. ఎండాకాలం మధ్యాహ్నం స్లాబు కింద పడుకుని చూడండి, అప్పడంలా వేగుతారు.

సివిల్_సుబ్బు
పెంకుటింటి చల్లదనం నేనూ ఒప్పుకుంటాను. కానీ 1996 నవంబరు 6 తుఫాను మర్చిపోయారా? ఆ రాత్రి కోనసీమలో పెంకులు కాగితాల్లా లేచిపోయాయి, కొబ్బరిచెట్లు ఇళ్ళ మీద పడ్డాయి. పెంకే కావాలంటే నాలుగు పక్కలా వాలు ఉండేలా వేసుకోండి, రెండు పక్కలే వాలుంటే త్రికోణం గోడ గాలికి ఎదురు నిలబడుతుంది. వాసాల్ని గోడకి ఇనుప పట్టీలతో కట్టేయాలి. బరువు మీద కూర్చుందిలే అని వదిలేయకూడదు.

పాతపెంకు
1996లో మా ఇంటి పెంకులు సగం పోయాయి, నిజమే. గోడలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. ఎదురింటి స్లాబు 20 ఏళ్ళకే పెచ్చులూడి ఊసలు బయటపడ్డాయి.

సివిల్_సుబ్బు
అది స్లాబు తప్పు కాదండీ, ఉప్పు నీళ్ళతో కలిపినవాడి తప్పు. సముద్రం వైపు లంకల్లో వేసవిలో బోరు నీళ్ళు ఉప్పెక్కుతాయి. కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఊసలు వేసే కాంక్రీటుకి వాడే నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. నాలుక మీద వేసుకుని "బానే ఉన్నాయి" అనడం టెస్టు కాదు.

మణికొండ_మురళి
అడిగానని తప్పుగా అనుకోవద్దు. విదేశాల్లో అన్నేళ్ళు కష్టపడి సంపాదించిన డబ్బు, గట్టు ఇవతల అమలాపురమో రావులపాలెమో చూసుకుని స్థలం కొనుక్కోవచ్చు కదా? మునుగుతుందని తెలిసీ అక్కడే ఎందుకు?

ఏటి_అవతల
అక్కడ రెండు సెంట్లు వచ్చే డబ్బుతో ఇక్కడ ఇల్లు మొత్తం లేస్తుందండీ. పైగా మా కొబ్బరి, పసుపు, కంద, గేదె అన్నీ ఇక్కడే. ఏడాదిలో పది రోజులు నీళ్ళలో ఉంటాం, మిగతా 355 రోజులు మీ మణికొండలో దొరకని గాలిలో ఉంటాం. మొన్న ఆగస్టులో హైదరాబాద్‌లో వాన పడితే మా ఆడపడుచు వాళ్ళ సెల్లారు మునిగింది. కారు తేలిందట. మా ఊళ్ళో ఎప్పుడూ కారు తేలలేదు, ఎవరికీ లేదు కాబట్టి.

మణికొండ_మురళి
సరే, ఆ సెల్లారు మాది కాదని మాత్రం చెప్పలేను. కాడి కింద పడేశాను.

లంకమామ
మూడు రోజులుగా చదువుతున్నాను. అందరూ ఎత్తు గురించే మాట్లాడుతున్నారు. ముందు అడగాల్సింది అది కాదమ్మా. మీ తోట ఏటి కోత వైపు ఉందా, మేట వైపు ఉందా? నీళ్ళు వచ్చి పోతాయి. కోతకి పోయింది తిరిగి రాదు. మాది ముమ్మిడివరం వైపు లంక. మా నాన్న 1990ల్లో చక్కటి డాబా కట్టాడు, అరుగు ఐదడుగుల ఎత్తు, ఒక్క వరదకీ ఇంట్లోకి చుక్క నీరు రాలేదు. ఒక ఏడాది ఏరు పక్కకి తిరిగింది. వంటగది ముందు పోయింది, మర్నాడు పడమటి గోడ. తలుపులు, కిటికీలు మేమే ఊడదీసుకుని పడవలో వేసుకున్నాం. ఆ తలుపు ఇప్పటికీ మా వీధి గుమ్మానికి ఉంది.

మీరు ఒక పని చేయండి. గట్టు అంచు నుంచి మీ స్థలానికి తాడు పట్టి కొలవండి. తర్వాత పెద్దవాళ్ళని అడగండి, పాతికేళ్ళ కింద అంచు ఎక్కడుండేదో. ఆ రెండు అంకెలూ ఇక్కడ రాయండి.

కొబ్బరాకు
మామా, నవ్వుకుందామని వచ్చాను, కడుపులో దేవినట్టయింది.

ఏటి_అవతల
మామయ్య గారూ, నాలుగు రోజులుగా ఇక్కడికి రాలేదు. తాడు కాదు, మా ఆయన కేబుల్ లాగే టేపు తెచ్చి ఇద్దరం కొలిచాం. తోట అంచు నుంచి ఏటికి 110 మీటర్లు. మా అత్తయ్యని అడిగితే ముందు ఏం మాట్లాడలేదు. తర్వాత మా ఇద్దర్నీ ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళి నీళ్ళలోకి చెయ్యి చూపించింది. కాపురానికి వచ్చిన కొత్తలో తను నీళ్ళు తోడిన బావి అక్కడుండేదట. ఇప్పుడక్కడ చేపలవాళ్ళు వల వేస్తున్నారు. బావి దాటి రెండు కొబ్బరితోటలు, ఆ తర్వాత ఏరు, అని చెప్పింది. మా ఆయన అడుగులు లెక్కపెట్టి, ఆవిడ చూపించిన చోటు అంచనా వేసి, యాభై ఏళ్ళలో 300 మీటర్లు పోయిందన్నారు.

అంటే ఏడాదికి ఆరు మీటర్లు. 110ని ఆరుతో భాగించాను. ఆ రాత్రి మా ఇంట్లో మెరకా లేదు, స్తంభాలూ లేవు. ఎవరూ మాట్లాడలేదు.

లంకమామ
ఆ భాగహారం కూడా నమ్మకు తల్లీ. ఏరు ఏడాదికి ఆరు మీటర్లు తినదు. పదేళ్ళు ఊరుకుంటుంది, ఒక్క వరదలో అరవై తింటుంది. ఊరి మధ్యలో చోటు ఏమైనా ఉందా?

ఏటి_అవతల_ఆయన
ఉందండీ. రామాలయం వెనక మా నాన్న వాటా 5 సెంట్లు, తమ్ముడి పేరు మీద ఉంది. వాడు విశాఖలో స్థిరపడ్డాడు. నిన్న ఫోన్ చేశాను. తోట 8 సెంట్లు వాడికి, ఊళ్ళో 5 సెంట్లు నాకు. "ఏట్లో కలిసిపోయేది నాకు అంటగడతావా అన్నయ్యా" అని నవ్వాడు. కానీ కొబ్బరి దింపు డబ్బు ఏటేటా పంపితే చాలన్నాడు. వచ్చే వారం వచ్చి సంతకం పెడతానన్నాడు.

రిజిస్ట్రీ_రమణ
పెట్టే ముందు రెండూ పట్టా భూములేనా, డి-పట్టా (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన భూమి) ఏదైనా ఉందా, ఏటిపోరంబోకు (ఏటి పక్క ప్రభుత్వ భూమి) కలిసిందా అన్నది తేల్చుకోండి. లంకల్లో సర్వే నంబరు కాగితంలో ఒక చోట, భూమి ఇంకో చోట ఉంటుంది. డి-పట్టా అయితే మార్పిడి అంత సులువుగా కుదరదు. నోటి మాట మీద నడిచిపోయిన వాటాలు పిల్లల తరానికి కోర్టుకెక్కుతాయి.

ఏటి_అవతల_ఆయన
రెండూ పట్టాయే, అడంగల్ తీయించాను. లోనుకి కూడా వెళ్ళాం కానీ లంక అనగానే ఆ ఆఫీసరు పెన్ను మూత పెట్టేశాడు. ఉన్న డబ్బుతోనే కట్టుకోవాలి.

సివిల్_సుబ్బు
5 సెంట్లంటే 2,178 చదరపుటడుగులు. నేను పైన రాసిన దిబ్బకి అడుగున 56×46, అంటే 2,576 కావాలి. పక్కవాడి వాకిట్లోకి వాలు పెడితే తప్ప మెరక పట్టదు. పెట్టినా, మీ దిబ్బకి తగిలిన నీళ్ళు వాళ్ళింట్లోకి తిరుగుతాయి. ఊరి మధ్యలో అది కుదిరే పని కాదు. కాబట్టి మేడమ్ గెలిచారు, ఏరు గెలిపించింది.

ఏటి_అవతల
నేను గెలవలేదండీ, మా ఆయన ఇంకా "నేను ఒప్పుకోలేదు, స్థలం ఒప్పించింది" అంటున్నారు.

మాజులీ_రిటర్న్
ఉద్యోగం మీద మూడేళ్ళు అస్సాంలో ఉన్నాను. బ్రహ్మపుత్ర మధ్యలో మాజులీ అనే పెద్ద లంక ఉంది, దాన్నీ ఏరు ఏటేటా కోసుకుంటూనే ఉంది. అక్కడి మిసింగ్ అనే తెగ జనం వెదురు స్తంభాల మీద ఇళ్ళు కట్టుకుంటారు, చాంగ్ ఘర్ అంటారు. కింద పందులు, కోళ్ళు, మగ్గం. వరదకి అన్నీ పైకి. ఏరు దగ్గరికొస్తే ఇల్లు విప్పి మోసుకెళ్ళి ఇంకో చోట నిలబెడతారు. పెంకు, స్లాబు రెండు పార్టీలకీ ఇది నచ్చదని తెలుసు, ఊరికే చెప్పాను.

పాతపెంకు
నాకు నచ్చింది. విప్పి మోసుకెళ్ళే ఇల్లు! లంకమామ గారి తలుపు గుర్తొచ్చింది.

సివిల్_సుబ్బు
అసలు పనికి వద్దాం. స్తంభాలు ఎంత ఎత్తన్నది. 2022 నీళ్ళు నాలుగడుగులు, 1986వి ఏడున్నర, రెండూ తోట నేల మీద కొలిచినవి కదా? రామాలయం దగ్గర నేల ఎత్తూ పల్లం చూసుకోండి. ట్యూబులో నీళ్ళు పోసి మట్టం పట్టండి చాలు. ధవళేశ్వరంలో 2022 జులైలో దాదాపు 25.8 లక్షల క్యూసెక్కులు వదిలారు, 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది. 2006లో 28 లక్షల పైన వచ్చింది. కాబట్టి 2022 నీళ్ళని పట్టుకుని "ఇంతకంటే రావు" అనుకోవద్దు. నా మాట అయితే ఆరడుగులు లేపండి. 1986 లాంటిది వస్తే ఇంట్లోకి ఒకటిన్నర అడుగు వస్తుంది, అప్పటికి స్లాబు మీదకి మెట్లుంటాయి. ఎనిమిది లేపితే స్తంభాల ఖర్చుతో పాటు అత్తయ్య గారి మోకాళ్ళు కూడా లెక్కలోకి వస్తాయి.

పునాదికి మట్టి టెస్టు చేయించండి. అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున బల్బులా ఉబ్బి, భూమిలోకి దిగే కాంక్రీటు స్తంభాలు) వేద్దామని ఎవరైనా అంటే ఆగండి. అది నల్లరేగడికి మంచిది. మీది ఒండ్రు, కింద ఇసుక, పైగా నీళ్ళు పైనే తగులుతాయి. ఆ తడి ఇసుకలో బల్బు నిలవదు, తవ్వగానే కూలిపోతుంది. లోతుగా ఫుటింగులు వేసి, అన్నిటినీ టై బీములతో కట్టేయండి.

మెస్సీ_కాదు_మేస్త్రి
మా నాన్న తాపీ మేస్త్రి, నేనూ అదే పని. సెప్టిక్ ట్యాంకు గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? వరదకి ముందు దాన్ని ఖాళీ చేయించే తెలివైనవాళ్ళు ఉంటారు. ఖాళీ ట్యాంకు నీళ్ళలో పడవలా పైకి లేస్తుంది. నిండుగా ఉంచాలి, మూత బిగించాలి. కరెంటు వైరింగు పై నుంచి కిందకి దింపండి, స్విచ్చి బోర్డులు ఛాతీ ఎత్తుకి. మీటరు ఇంకా పైన.

ఏటి_అవతల_ఆయన
నేను ఎలక్ట్రీషియన్నే. అదొక్కటీ నాకు వదిలేయండి సార్, మిగతావన్నీ ఆవిడ లాగేసుకుంది.

ఏటి_అవతల
చాలా రోజులకి వచ్చాను. ఫిబ్రవరి చివర శంకుస్థాపన అయింది. కూలీ ఖర్చు తగ్గించుకోవడానికి మేమిద్దరం చేయగలిగినవన్నీ చేస్తున్నాం. ఇటుకలు తడపడం, ఇసుక జల్లించడం, ఊసలకి బైండింగ్ వైరు కట్టడం. క్యూరింగ్ పూర్తిగా నాదే. స్తంభాలకి గోనెసంచులు చుట్టి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి తడిపాను. కువైట్‌లో మేడమ్ వాళ్ళ మొక్కలకి కూడా ఇంత శ్రద్ధగా నీళ్ళు పోయలేదు. మార్చిలో స్తంభాలు లేచాయి, మే నెలలో స్లాబు పోశాం. స్లాబు రోజు కంకర కలిపే మిషను మట్టి బాట మధ్యలో కూరుకుపోయింది. ఊరంతా వచ్చి తాళ్ళతో లాగారు. వచ్చిన నలభై మందికీ భోజనాలు పెట్టాల్సి వచ్చింది. ఆ ఖర్చు ఎస్టిమేషన్‌లో లేదు సుబ్బు గారూ.

సివిల్_సుబ్బు
లంకలో అది "ఇతర ఖర్చులు" కింద వేసుకోవాలి. సెంట్రింగ్ ఎప్పుడు తీశారు?

ఏటి_అవతల
మేస్త్రి ఏడో రోజే తీస్తానన్నాడు, వేరే ఊళ్ళో పనుందట. పద్నాలుగు రోజుల దాకా పలకలు ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు మా మీద కోపంగా ఉన్నాడు.

సమస్య ఒక్కటే మిగిలింది. అత్తయ్య పైకి రానంటోంది. "ఏడేళ్ళ పిల్లలా మెట్లెక్కను, నేను కిందే ఉంటాను" అని స్తంభాల మధ్య తాటాకు దడి కట్టించుకుంది. నులకమంచం, కుంపటి, గేదె, ఆవిడ. మెట్లు అంగుళం అంగుళం తగ్గించి కట్టించాం, రెండు పక్కలా పట్టుకోవడానికి పైపులు పెట్టాం. అయినా సరే, వినదు.

పాతపెంకు
ఆవిడ సరిగ్గా చెప్పింది. కింద చల్లగా ఉంటుంది. వాదించకండి.

లంకమామ
వాదించొద్దు. ఆగస్టు చెప్తుంది.

ఏటి_అవతల_ఆయన
ఆగస్టు చెప్పింది మామయ్య గారూ. మొన్న ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక ఇచ్చారు, 13.75 అడుగులు దాటింది. మట్టి బాట జులైలోనే పోయింది. మేము గేదెని గట్టు మీదకి తోలడానికి పడవ మాట్లాడి, సామాను సర్దుతూ, అమ్మని ఎలా ఒప్పించాలా అని ఇద్దరం గుసగుసగా గొడవ పడుతున్నాం. పైకి వెళ్ళి చూస్తే అమ్మ అప్పటికే కిటికీ దగ్గర మంచం వేసుకుని కూర్చుంది. ఎప్పుడెక్కిందో ఎవరూ చూడలేదు. కుంపటి కూడా పైకి వచ్చేసింది, కొత్త గచ్చు మీద మసి మరక పడింది.

నీళ్ళు ఐదో మెట్టు దగ్గర ఆగాయి. తొమ్మిది మెట్లు.

ఏటి_అవతల
గచ్చు మీద మరక పోవట్లేదు. ఎవరికైనా చిట్కా తెలిస్తే చెప్పండి. అత్తయ్య బొగ్గుముక్కతో మెట్ల పక్క గోడ మీద గీత కూడా గీసింది. అది మాత్రం ఉంచుతున్నాం.

మెస్సీ_కాదు_మేస్త్రి
సబ్బునీళ్ళు వేసి రుద్దండి. గీత మీద రుద్దకండి.

కొబ్బరాకు
గృహప్రవేశం ఎప్పుడు? పడవ మాట్లాడుకోవాలి.

ఏటి_అవతల_ఆయన
కార్తీకంలో. బాట వేయకపోతే పడవే. ఆ తెలివైన మేస్త్రి కూడా వస్తానన్నాడు, టీ తాగడానికి.